నవలలో పాత్రలు పాడిన పాటల లోటును సినిమాల నేపథ్య సంగీతం తీర్చిందా?

శ్రావణమేఘం:
టోల్కీన్ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) నిండా పాటలే. హాబిట్‌లు అనే పొట్టి జాతివారు దారి నడుస్తూ పాడతారు, స్నానం చేస్తూ పాడతారు. చనిపోయిన సహచరుడు బొరొమిర్ దేహాన్ని పడవలో నదికి అప్పగించాక అరగార్న్, లెగొలాస్ వంతులవారీగా శోకగీతం పాడతారు. పీటర్ జాక్సన్ 2001 నుంచి 2003 వరకు ఏడాదికొకటిగా విడుదల చేసిన మూడు సినిమాల్లో వీటిలో మిగిలినవి చాలా తక్కువ. మాటలకన్నా పాటలే ఎక్కువ పలికే టామ్ బాంబడిల్ అసలు కనిపించనే కనిపించడు. హోవర్డ్ షోర్ సంగీతానికి మొదటి, మూడవ సినిమాలకు ఆస్కార్ వచ్చింది, దాని గొప్పతనంతో నాకు పేచీ లేదు. అయితే వాద్యబృందం ఎంత బాగా మోగినా, పాత్ర తన గొంతుతో పాడుకునే పాటకు అది బదులు కాదని నా వాదన. రాయబారం నాటకంలో పద్యాలన్నీ తీసేసి వెనక హార్మోనియం మాత్రం ఉంచితే మనం ఊరుకుంటామా?

తంత్రి:
పోలిక బాగుంది గానీ అతకదు. పద్యం వినడానికే మనం ఆ నాటకానికి వెళ్తాం. నవలలో ఉన్నవి అక్షరాలే తప్ప రాగం లేదు. పాట రాగానే పేజీ తిప్పేసే పాఠకులు తక్కువేమీ కాదు, మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆ పనే చేశాను.

షోర్ ఒక్కో జాతికి ఒక్కో ధ్వనిని కట్టారు. గుర్రపు రౌతుల రాజ్యమైన రోహన్‌కు నార్వే జానపదుల హార్డాంగర్ ఫిడేలు వాడారు; దాంట్లో కమాను తగలని తీగలు కింద ఉంటాయి, పై తీగ పలికినప్పుడు అవి కూడా సన్నగా మోగుతాయి, మన సితార్‌లో తరఫ్ తీగల్లాగే. దుష్ట మాంత్రికుడి కోట ఐసెన్‌గార్డ్‌కు లోహపు దెబ్బల మీద ఐదు మాత్రల నడక పెట్టారు. ఖండగతికి అలవాటుపడ్డ మన చెవికి అది ఇంపుగానే తోచవచ్చు గానీ, నాలుగు లెక్కలకు అలవాటుపడిన శ్రోతకు ఎక్కడో ఒక అడుగు ఎక్కువ పడుతున్నట్టు, యంత్రం ఆగకుండా మీదికి వస్తున్నట్టు ఉంటుంది.

ఇంకొక మాట. పాటలు పూర్తిగా పోలేదు, బృందగానంలోకి చేరాయి. నవలలో మరుగుజ్జుల పాత భూగర్భ నగరం మోరియా చీకటిలో, ఆ జాతివాడైన గిమ్లీ లేచి నిలబడి తమ పూర్వపు రాజు డ్యూరిన్ వైభవాన్ని పాడతాడు. సినిమాలో అదే చోట మరుగుజ్జుల భాషలో మగవారి బృందగానం వినిపిస్తుంది. ఆ చీకటి ఎంత లోతైనదో ఆ గొంతులే మనకు చెబుతాయి.

పాతపుటలు:
ఇద్దరూ మరచిన సన్నివేశం ఒకటుంది. నవలలో గొండోర్ రాజ్యాన్ని ఏలుతున్న డెనెథార్, తన కొలువులో చేరిన హాబిట్ పిప్పిన్‌ను పాడగలవా అని అడుగుతాడు. మావాళ్ళ మధ్య పాడుకునేంత వచ్చు గానీ, పెద్ద సభలకూ చెడ్డ రోజులకూ తగిన పాటలు మా దగ్గర లేవని పిప్పిన్ భయపడుతూ జవాబిస్తాడు. ఆ తరువాత డెనెథార్ పాడమని ఆజ్ఞాపించడు, పిప్పిన్ ఊపిరి పీల్చుకుంటాడు.

మూడవ సినిమాలో మాత్రం పిప్పిన్ పాడతాడు. ఆ మాటలు నవల మొదట్లో హాబిట్‌లు షైర్‌లో రాత్రిపూట నడుస్తూ పాడుకునే పాటలోవి. బాణీ ఆ పాత్ర వేసిన బిల్లీ బాయిడ్‌దే. ఒకవైపు డెనెథార్ కొడుకు ఫారమిర్ గుర్రపు దండుతో చావు ఖాయమైన చోటికి పరుగు తీస్తుంటాడు, ఇంకొకవైపు తండ్రి డెనెథార్ టమాటా కొరుకుతుంటే ఎర్రటి రసం గడ్డం మీదికి కారుతుంది. వాద్యబృందం ఇంచుమించు నోరు మూసుకుంటుంది. నవలలో లేని పాటను, నవలలోని మాటలతోనే, నవల పాడవద్దన్న చోట పెట్టి, మూడు సినిమాల్లోకీ టోల్కీన్‌కు అత్యంత దగ్గరగా వచ్చిన సన్నివేశాన్ని సృష్టించారని నా అభిప్రాయం. కాబట్టి మూలాన్ని మార్చారన్నది నా ఫిర్యాదు కాదు. గొంతు విప్పితే ఏమవుతుందో ఇంత బాగా తెలిసినవారు అంత అరుదుగా ఎందుకు విప్పారన్నదే నా ప్రశ్న. తంత్రి గారు చెప్పిన మోరియా బృందగానం నాకూ ఇష్టమే, అయితే అక్కడ పాడుతున్నది ఎవరు? గిమ్లీ పాడితే అది ఒక వారసుడి దుఃఖం. కనిపించని గొంతులు పాడితే అది గుహ వాతావరణం మాత్రమే.

శ్రావణమేఘం:
పిప్పిన్ పాట విషయంలో ఒప్పుకుంటున్నాను, అది నా వాదనకే బలం. నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి: అరగార్న్ రాత్రి కాపలాలో పూర్వకాలపు ఎల్ఫ్ రాకుమారి లూథియెన్ గాథను తనలో తాను పాడుకోవడం, రోహన్ రాకుమారుడు థియోడ్రెడ్ అంత్యక్రియల్లో అతని మేనత్త కూతురు ఎయోవిన్ శోకగీతం పాడటం, రెండూ చిత్రీకరించారు, కానీ రెండింటినీ తరువాత వచ్చిన పొడిగించిన కూర్పులకే వదిలారు. ఎవరికీ తెలియని భాషలో, సమాధి ముందు, వాద్యాల తోడు లేకుండా ఒక ఆడపిల్ల పాడిన ఆ పాట రెండవ సినిమాలో థియేటర్‌కు వచ్చి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేదాన్ని కాదు.