ట్రావెలర్ వ్యాన్ వెనక ఊగుతోంది, ఏ షాక్ అబ్జర్బర్లు వేయాలి?

హనుమకొండ వ్యాన్:
పాత టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా కట్టించుకున్నాం. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, అన్నిటికన్నా వెనక 150 లీటర్ల నీళ్ల ట్యాంకు. మొన్న అమ్మానాన్నలతో మేడారం వెళ్లాం. ములుగు దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ వెనక భాగం మూడు నాలుగుసార్లు ఊగింది. తాడ్వాయి అడవిలో అమ్మకు వాంతులు. నాన్నకు ముందే నడుం నొప్పి, ఇంటికొచ్చాక రెండు రోజులు లేవలేదు. గ్యాస్ నింపిన అబ్జర్బర్లు వేస్తే బండి లేస్తుందని షాపులో అంటున్నారు. నిజమేనా అన్నా? మళ్లీ వాళ్లను ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ మెకానిక్:
తమ్మీ, బరువు మోసేది కమాన్ కట్టలు, అంటే కింద ఉండే స్ప్రింగు పట్టీలు. అవి ఊగితే ఆ ఊపును ఆపేది అబ్జర్బర్. గ్యాస్‌వి వేసినా బరువు మోయవు. బండి వెనక కుంగి నిలబడితే కమాన్లు చూపించు. నిలబడ్డప్పుడు బాగానే ఉండి, నడిస్తే ఊగుతోందా, అప్పుడు అబ్జర్బర్లు.

కొనేముందు ట్యాంకు నింపి, ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి ధర్మకాంటాకు పో. మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి తూకం వేయించు. నీళ్లే 150 కిలోలు, అదీ వెనక యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) అవతల. అక్కడ బరువు పడేకొద్దీ ముందు చక్రాలు తేలికవుతాయి. ఆర్‌సీలో ఉన్న బరువు దాటితే మొదట సామాను తగ్గించు.

పాతవి పోయాయో లేదో చూడాలంటే గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, ఆపగానే చెయ్యి దగ్గర పెట్టి చూడు. పనిచేసేది వేడెక్కుతుంది. ఒకటే చల్లగా ఉంటే అది పోయినట్టు. ఆయిల్ కారి తడిసినా అంతే. మార్చేటప్పుడు మాత్రం రెండు వైపులా మార్చు.

నర్సంపేట డ్రైవర్:
బిగించేటప్పుడు జాగ్రత్త అన్నా. నా బండి జాకీ మీద లేచి ఉన్నప్పుడే అబ్జర్బర్ బోల్టులు గట్టిగా బిగించారు. కిందికి దించగానే బోల్టుల దగ్గరుండే బుష్ రబ్బర్లు మెలిపడ్డాయి, కొన్ని నెలలకే చిరిగాయి. ముందు లూజుగా పెట్టించి, చక్రాలు నేలమీద ఆనాక బిగించమను. పాతవి తీసేటప్పుడు యాక్సిల్ కింద స్టాండ్లు ఉండాలి, లేకపోతే అది వేలాడి బ్రేక్ పైపును లాగుతుంది.

హనుమకొండ వ్యాన్:
తూకం వేయించాం, బరువు దాటలేదు. ఎడమది చల్లగా ఉంది, కింద ఆయిల్ కూడా. వెనకవి రెండూ మారుస్తున్నా. ట్యాంకును యాక్సిల్ పైకి జరిపిస్తున్నా. మరి ముందువి?

ఆటోనగర్ మెకానిక్:
వేడెక్కుతున్నాయా, పొడిగా ఉన్నాయా? అయితే ఉండనీ. బ్రేక్ వేస్తే మూతి బాగా వంగుతోందంటే మాత్రం అవీ మార్చెయ్.