చిన్న పిల్లలున్న ఇంట్లోకి ఏ కుక్క మంచిది?

మాది విజయవాడ, రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. బాబుకి మూడున్నరేళ్లు. పాపకి పది నెలలు, ఇల్లంతా పాకేస్తోంది. కుక్కని తెచ్చుకుందామని మా ఆయన ఏడాదిగా అడుగుతున్నారు. ఆయన మనసు లాబ్రడార్ పిల్ల మీద ఉంది. సాధు జాతి, నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి 30 కిలోలకు దగ్గరవుతుంది, తోక ఊపితే చాలు పాప పడిపోతుంది. పైగా పళ్లు మారే ఆరేడు నెలల వరకు నోటికందిందల్లా కొరుకుతుంది. మా పాప చేతిలో బిస్కెట్ లేని క్షణం ఉండదు! మంచు ప్రాంతాల కుక్క హస్కీ మాట మాత్రం మా ఎండలు తలచుకుని నేనే కొట్టిపారేశాను.

మా వీధిలో రెండేళ్ల నాటు ఆడకుక్క ఉంది. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయి. పెంచేవాళ్లు ఊరు మారుతూ ఎవరికైనా ఇస్తామంటున్నారు. మొన్న మావాడు దాని చెవి పట్టుకుని లాగితే గుర్రుమనలేదు, లేచి వెళ్లి మంచం కింద పడుకుంది. నాకది నచ్చింది. కానీ అది తింటున్నప్పుడు పాప గిన్నె దగ్గరికి పాక్కుంటూ వెళ్తే? అదే టెన్షన్.

ఇంత చిన్నపిల్లలున్న ఇంట్లోకి ఇలా వయసొచ్చిన కుక్కని తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మొదటి నెల ఎలా నెట్టుకొచ్చారు? మధ్యలో గేటు పెట్టి విడిగా ఉంచారా? లేక పాపకి కాస్త మాట అర్థమయ్యేదాకా ఆగమంటారా?