జాతి పేరు చూసి కుక్కల్ని నిషేధిస్తామంటున్నారు, అభ్యంతరం ఎలా రాయాలి?

తోకఊపు:
కొన్ని జాతుల కుక్కల్ని అసలు పెంచకూడదని మా దగ్గర రూల్ తెస్తున్నారు. పిట్‌బుల్, రాట్‌వైలర్, ఇంకా నాలుగైదు పేర్లున్నాయి. అభ్యంతరాలుంటే రాసి ఇమ్మన్నారు, నేను ఇద్దామనుకుంటున్నా. "మా కుక్క బంగారం, ఎవర్నీ ఏమీ అనదు" అని రాస్తే ఎవరూ చదవరని తెలుసు. "రేపు ఎవరి పిల్లాడికో ఏదైనా అయితే నువ్వొస్తావా?" అని మొహం మీదే అడుగుతున్నారు, ఆ భయం ఉత్తదని నేను అనలేను. అలాంటివాళ్ల ముందు కూడా నిలబడే వాదన కావాలి. ఇంకో గొడవేంటంటే మాది షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క, ఏ జాతో మాకే తెలీదు. తల పెద్దది, ఛాతీ వెడల్పు. చూసినవాళ్లంతా పిట్‌బులా అంటారు. అసలు టెన్షన్ అదే.

లెక్కలపిచ్చి:
ఆ ఆఖరి మాటతోనే మొదలుపెట్టండి. ఈ చట్టాల్లో పెద్ద బొక్క అక్కడే ఉంది, ఏ కుక్క ఏ జాతో తేల్చేదెవరు? బ్రిటన్ 1991లో డేంజరస్ డాగ్స్ యాక్ట్ తెచ్చి పిట్‌బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అని నాలుగింటిని నిషేధించింది. అక్కడ కుక్క తల్లిదండ్రులెవరన్నది ఎవరూ చూడరు, కొలతలూ ఆకారమూ సరిపోతే చాలు, అది జీవితంలో ఎవర్నీ కరవకపోయినా సరే. పైగా అది ఆ రకం కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. ఇంత చేసినా 2023 ఆఖర్లో ఎక్స్ఎల్ బుల్లీ అని మరో పేరు చేర్చాల్సి వచ్చింది. ఎందుకంటే జనాన్ని భయపెట్టే కుక్క కావాలనుకునేవాడు ఒకటి దొరక్కపోతే ఇంకోటి తెచ్చుకుంటాడు, లేకపోతే కొత్త రకం పుట్టిస్తాడు. జాబితా ఎప్పుడూ వాడి వెనకాలే పరిగెత్తాలి.

అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కకాటు వల్ల జరిగిన 256 మరణాల మీద పశువైద్య పత్రికలో 2013లో ఒక అధ్యయనం వచ్చింది, దాన్ని తప్పకుండా రాయండి. వాటిలో జాతి నమ్మకంగా తేలినవి 45 మాత్రమే. మరి మళ్లీ మళ్లీ కనిపించినవేంటంటే, ఆపగలిగే మనిషి దగ్గర లేకపోవడం (87 శాతం), కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోవడం (84 శాతం), ఇంట్లో మనిషిలా కలుపుకోకుండా ఎక్కడో విడిగా పడేసి ఉంచడం (76 శాతం). ఒక్కో మరణంలో ఇలాంటివి చాలావరకు నాలుగైదు కలిసే ఉన్నాయి. వీటిలో ఏదీ కుక్క మొహం చూస్తే తెలిసేది కాదు.

ఇద్దరుపిల్లలఅమ్మ:
శాతాలు బాగున్నాయండీ. కానీ చిన్న కుక్క కరిస్తే కట్టు కడతారు, ఆ సైజుది పట్టుకుంటే పిల్లాడికి ఆపరేషనే. మీ యజమానులు మంచివాళ్లయ్యేదాకా మా పిల్లలు ఆగాలా? పేరు పెట్టి నిషేధిస్తే కనీసం కొన్ని తగ్గుతాయిగా?

లెక్కలపిచ్చి:
సైజు గురించి మీరన్నది నిజమే, నేను కాదనను. కానీ అంతే బలమున్న కుక్కలు ఆ జాబితా బయట ఎన్నో ఉన్నాయి, వాటిని గొలుసు లేకుండా తిప్పేవాణ్ణి ఈ రూల్ ఏమీ చేయలేదు. తగ్గుతాయా అంటే, చేసి చూసినవాళ్లున్నారు. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ని నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. ఇటలీ 2003లో తొంభైకి పైగా జాతులతో జాబితా వేసింది (తొంభై! ఇక మిగిలినవెన్ని), 2009లో దాన్ని రద్దు చేసి బాధ్యత యజమాని నెత్తిన పెట్టింది. అమెరికాలోని డెన్వర్ నగరంలో 1989 నుంచి ఉన్న నిషేధాన్ని 2020లో జనమే ఓటేసి తీసేశారు, ఇప్పుడక్కడ పర్మిట్ తీసుకుని పెంచుకోవచ్చు.

స్వభావం జాతితోనే వస్తుందన్న మాటకీ పెద్ద ఆధారం లేదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 18,000కు పైగా కుక్కల గురించి యజమానుల్ని అడిగి, రెండు వేల పైచిలుకు కుక్కల డీఎన్ఏ కూడా చూశారు. ఒక కుక్క ప్రవర్తనకీ మరో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది.

షెల్టర్‌అక్క:
నేను షెల్టర్‌లో పనిచేస్తాను. ఇలాంటి రూల్ గురించి పుకారు లేచినా చాలు, ముందు జరిగేది కుక్కల్ని దాచడం. వెట్ దగ్గరికి తీసుకెళ్లరు, టీకాలు మానేస్తారు, పగలు బయటికి తిప్పరు. మనుషులకి అలవాటు పడాల్సిన వయసులో నాలుగు గోడల మధ్య పెరిగిన కుక్కే తర్వాత బెదిరి కరుస్తుంది, అంటే ఆ రూలే దాన్ని తయారుచేసినట్టు. ఇంకో సంగతి. 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ కేసులో, కుక్కల పందేల కోసం పెంచిన పిట్‌బుల్స్‌ని పదుల సంఖ్యలో పట్టుకున్నారు. అంతకుముందైతే అలాంటివాటిని చంపేసేవాళ్లే. ఈసారి ఒక్కోదాన్ని విడిగా పరీక్షించారు, చాలావాటికి ఇళ్లు దొరికాయి. అడగాల్సింది అదే, ప్రతి కుక్కనీ విడిగా చూడమని.

తోకఊపు గారూ, ఉత్తరంలో "వద్దు" అని ఆపేయకండి, బదులు ఏం కావాలో కూడా రాయండి. ఏ జాతైనా సరే మైక్రోచిప్ (యజమాని ఎవరో తెలిసేలా చర్మం కింద పెట్టే చిప్), లైసెన్స్. మనుషుల మీద పడిన చరిత్ర ఉన్న కుక్కకి బయట మజిల్ (మూతికి కట్టే తొడుగు) తప్పనిసరి. కుక్కని గొలుసు లేకుండా వదిలేసిన యజమానికి జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే కుక్కని పెంచే హక్కే తీసేయడం. పైన అమ్మగారు అడిగినదానికి ఇదే జవాబు, కాటు పడకముందే యజమానిని పట్టుకోవచ్చు.

ఇద్దరుపిల్లలఅమ్మ:
ఆ జరిమానా నిజంగా వసూలు చేస్తారని ఎవరైనా హామీ ఇస్తే నేనూ సంతకం పెడతా. ఇప్పుడున్న రూల్సే ఎవడూ పట్టించుకోడు కదా, అందుకే నిషేధమే నయమనిపిస్తుంది.

షెల్టర్‌అక్క:
ఆ చిరాకు నాకూ ఉందండీ. కానీ గొలుసు రూలే అమలు చేయలేనివాళ్లు ఇంటింటికీ వెళ్లి కుక్కల తలలు కొలుస్తారా? తోకఊపు గారూ, ఉత్తరంలో ఈ ప్రశ్న కూడా వేయండి, అమలుకి ఎంతమంది మనుషుల్నిస్తారని. ఇంకోటి, మీ వెట్ రికార్డులో జాతి గడిలో ఏముందో ఇప్పుడే చూసుకోండి. ఎవరో చూపుమీద పిట్‌బుల్ అని రాసేసి ఉంటే మిశ్రమ జాతి అని మార్పించుకోండి, రూల్ వచ్చాక అది కష్టం.