నెట్‌పై ఆంక్షలు పెడితే యువత రాజకీయాలకు దూరమవుతుందా, దగ్గరవుతుందా?

ప్రశ్న:
ప్రభుత్వాలు సామాజిక మాధ్యమాలను అడ్డుకుంటే యువత రాజకీయాల జోలికి రాకుండా పోతుందని కొందరు, అప్పుడే వీధుల్లోకి వస్తుందని మరికొందరు అంటారు. నేపాల్‌ను చూస్తే రెండో మాట, చైనాను చూస్తే మొదటి మాట నిజమనిపిస్తుంది. ఈ తేడా ఎందుకో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1:
నేపాల్ ప్రభుత్వం, నమోదు చేసుకోలేదన్న కారణంతో 2025 సెప్టెంబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ సహా 26 వేదికలను నిలిపివేసింది. విదేశంలో పనిచేసే కొడుకుతో వాట్సాప్‌లో మాట్లాడే తల్లికీ, యూట్యూబ్ పాఠాలతో పరీక్షలకు చదివే విద్యార్థికీ ఒకేసారి దెబ్బ తగలడంతో, అంతవరకూ రాజకీయాల ఊసెత్తనివారికి కూడా అది సొంత గొడవ అయింది. నాయకుల పిల్లల విలాసాలపై అప్పటికే రగులుతున్న కోపం, నమోదు చేసుకున్నందువల్ల ఆగకుండా మిగిలిన టిక్‌టాక్‌లో పాకింది. 8న నిరసనల్లో 19 మంది మరణించారు. ఆ రాత్రే నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలన్న చర్చను యువత జరిపింది డిస్కార్డ్ అనే ఆన్‌లైన్ చాట్ వేదికలో. నిషేధించిన జాబితాలో అదీ ఒకటి! అక్కడ ముందుకొచ్చిన మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరే చివరికి ఖాయమైంది.

జవాబు 2:
చైనాలో ఉన్నది ఊడలాక్కున్నట్టు జరగలేదు. ఫేస్‌బుక్, యూట్యూబ్ ఎరగకుండా, చైనా సొంత వేదికలైన వీచాట్, వీబోలతోనే పెరిగిన తరానికి ఆ లోటు తెలియదు. బీజింగ్ విద్యార్థులకు ఆంక్షలను దాటే సాధనాన్ని ఉచితంగా ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2019లో వెలువడింది. దాదాపు సగం మంది దాన్ని వాడనే లేదు. కొంతకాలం పనిగట్టుకొని ప్రోత్సహించాక మాత్రం, విదేశీ వార్తలు చదివే అలవాటు నిలిచింది. నన్నడిగితే, భయం కన్నా ఈ పట్టనితనమే సెన్సారుకు ఎక్కువ అక్కరకొస్తోంది.

జవాబు 3:
పట్టనితనమే అసలు కారణమనడాన్ని నేను ఒప్పుకోలేను. 2022 నవంబరులో పశ్చిమ చైనాలోని ఉరుమ్చీలో అపార్ట్‌మెంట్ అగ్నిప్రమాదంలో 10 మంది చనిపోయాక, కోవిడ్ లాక్‌డౌన్ ఆంక్షలే వారిని బయటపడనివ్వలేదన్న కోపంతో షాంఘై, బీజింగ్ వీధుల్లో యువతీయువకులు ఏమీ రాయని తెల్లకాగితాలు పట్టుకొని నిలబడ్డారు. ఏం రాసినా చెరిపేస్తారని అనుభవం మీద తెలిసినవారు చేసిన పని అది. ఆ దృశ్యాలను సాఫ్ట్‌వేర్ పసిగట్టకుండా వీడియోలను తలకిందులు చేసి, రంగులు మార్చి మళ్లీ మళ్లీ పెట్టారు. కాకపోతే ఖాళీ కాగితంతో ఒక రాత్రి నిలబడవచ్చు గానీ, సంఘం కట్టి మరుసటి నెల మళ్లీ కలవాలంటే పేర్లు, ఫోన్ నంబర్లు కావాలి. పోలీసులు ముందుగా వెతికేదీ వాటినే.