అప్‌డేట్: అమ్మకు మోకాలి మార్పిడి – వాకర్ నుంచి చేతికర్రకు

అమ్మ కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత వాకర్ ఎప్పుడు వదిలించాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిజియోథెరపిస్ట్ తారీఖేమీ పెట్టలేదు. వాకర్ మీద బరువు వేయకుండా, కుంటకుండా నడవగలిగితేనే కర్ర అన్నారు. ఇప్పుడు ఇంట్లో కర్ర, బయటికి వాకర్. కర్ర మాత్రం ఎడమ చేతిలోనే. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా కుడిచేత్తో పట్టుకోమంటున్నారు కానీ, ఆపరేషన్ అయిన కాలికి అవతలి వైపు చేతిలో ఉంటేనే కుడికాలు వేసేటప్పుడు కర్ర బరువు పంచుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ అయిన కాలు ముందు.

వాకర్ ఎత్తు కూడా చూసుకోండి. నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అమ్మకు భుజాలు పైకి లేస్తుండేవి. వాకర్ కాళ్ల బటన్లు నొక్కి ఒక్క రంధ్రం దించాక మెడనొప్పి తగ్గింది.

నా అసలు టెన్షన్ దిండుతోనే. మోకాలి కింద పెట్టమని రాత్రిళ్లు బతిమాలుతుంది పాపం. అలా పెడితే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుందట. అందుకే మడమ కింద చుట్టిన టవల్ పెడుతున్నాం. కాసేపటికే నొప్పంటుంది, తీసి మళ్లీ పెడుతున్నాం.

పిక్కలో నొప్పి, వాపు వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని. ఇప్పటిదాకా అలాంటిదేమీ లేదు.