మురుకు అడుగుతాడు, చూపిస్తే పేరు చెప్పడు. ఎందుకు?

కొర్లగుంట నాన్న:
మా వాడికి నాలుగేళ్లు, మాటలు ఆలస్యం. మురుకు కావాలంటే "మురుకు" అని స్పష్టంగా అడుగుతాడు. అదే తినేసినాక డబ్బా చూపించి "ఇదేంది?" అంటే పలకడు. థెరపీలో "మ్యాండ్ (కావాల్సింది అడగడం) వచ్చింది, టాక్ట్ (కనబడినదాని పేరు చెప్పడం) రాలేదు, విడిగా నేర్పాలి" అన్నారు. తెలిసిన మాటకే మళ్లీ ఫీజు ఎందుకని మా ఆవిడ అడుగుతోంది.

తిరుచానూరు రోడ్డు టీచరక్క:
నేను ఇట్లాంటి పిల్లలతోనే పని చేస్తాను. ఫీజు సంగతి వాళ్లతోనే మాట్లాడుకోండి అన్నా, విడిగా నేర్పాలన్న మాట మాత్రం నిజమే. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1957లో చేసిన విభజన అది. అడగడానికి కారణం ఆకలి, ఫలితం మురుకు. పేరు చెప్పడానికి కారణం ఎదురుగా వస్తువు ఉండడం, ఫలితం మీరు "అవునురా" అనడం. రెంటికీ నోట్లోంచి వచ్చే శబ్దం ఒకటే, వాటిని నడిపించేవి వేరు. 1985లో లామార్, హాలండ్ అనే పరిశోధకులు చిన్నపిల్లలకు "ఎడమవైపు", "కుడివైపు" అనే మాటలను ఒక పనికి (అడగడానికో, ఎక్కడుందో చెప్పడానికో) నేర్పితే, రెండో పనికి వాటంతట అవి రాలేదు. అందరు పిల్లలూ ఇట్లాగే ఉండరు. చాలామందికి రెండూ కలిసే వచ్చేస్తాయి, అందుకే మనం గమనించం.

వాడు అడిగి తీసుకున్న వెంటనే ఇంకోటి చూపించి "ఇదేంది?" అనండి. చెప్తే మెచ్చుకోండి. మెల్లగా, కడుపు నిండినాక కూడా అడుగుతూ పోండి.

యూనివర్సిటీ కుర్రాడు:
అక్కా, మాటలు ఫలితాల వల్లే వస్తాయన్న ఈ స్కిన్నర్ వాదాన్ని భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1959లోనే ఉతికేశాడు కదా? పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలు అంటారు, వాటిని ఎవరు నేర్పినారు?

టీచరక్క:
మంచి ప్రశ్నే తమ్ముడూ. వ్యాకరణం దగ్గర స్కిన్నర్ వివరణ నాకూ పలచగానే అనిపిస్తుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. మాట వింటే బొమ్మ చూపగలిగి, చదవడం రాని 17 ఏళ్ల అబ్బాయికి సిడ్మన్ అనే స్కిన్నర్ దారి మనస్తత్వవేత్త, విన్న మాటకు అచ్చు పదాన్ని జతచేయడం మాత్రమే నేర్పినాడు. 20 పదాలు. ఆ తర్వాత ఆ పదాలను బొమ్మలతో జతచేయడం, పైకి చదవడం నేర్పకుండానే వచ్చినాయి. 1971 నాటి పని ఇది. నేర్పనిది ఎట్లా వస్తుందన్న ప్రశ్నను స్కిన్నర్ దారిలో వాళ్లూ పట్టుకున్నారు. మాటల మధ్య సంబంధాలు నేర్పకుండానే ఎట్లా పుడతాయో చెప్పే రిలేషనల్ ఫ్రేమ్ థియరీ ఆ దారిలో వచ్చిందే.

కొర్లగుంట నాన్న:
అక్కా, వాళ్ల తాత "పేరు చెప్తేనే ఇస్తా" అని మురుకు పట్టుకుని ఏడిపిస్తున్నాడు. పర్లేదా?

టీచరక్క:
వద్దని చెప్పండి. అడిగినా దొరకదని తెలిస్తే, ఉన్న ఆ అడగడం కూడా మానేస్తాడు.