అప్‌డేట్: పట్టు స్క్రంచీల రంగు, కుట్టు రెండూ కుదిరాయి

విజయనగరం నుంచి మళ్లీ నేనే. పసుపుతో రంగు వేసిన పట్టు స్క్రంచీలు (జుట్టుకి వేసుకునే, లోపల ఎలాస్టిక్ ఉండే గుడ్డ బ్యాండ్లు) ఎండకి వెలిసిపోతున్నాయి, అంచుల్లో పోగులు ఊడుతున్నాయి, ఏం చేయాలని ఆమధ్య అడిగాను కదా. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

పసుపు మానేసి దానిమ్మ తొక్కకి మారాను. ముందు బట్టని పటిక నీళ్లలో నానబెట్టాలి: 100 గ్రాముల పట్టుకి 10 నుంచి 15 గ్రాముల పటిక చాలు. తొక్కలు మరిగించి, వడకట్టి, ఆ నీళ్లలో పట్టుని సన్నని సెగ మీద ఉంచాను. తెర్లనివ్వకూడదు, మెరుపు పోతుంది. వచ్చిన తేనెరంగు చూసి ఎంత సంతోషమేసిందో! తుప్పు మేకులు నానిన నీళ్లు కొద్దిగా కలిపితే అదే రంగు బూడిద వన్నెకి తిరుగుతుంది. ఇనుము ఎక్కువైతే మాత్రం పట్టు చివికిపోతుంది, జాగ్రత్త.

కుట్టు విషయం: సన్న సూది, చిన్న కుట్లు, అంచుకి జిగ్‌జాగ్. ముక్క 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు. 8 అంగుళాల ఎలాస్టిక్‌ని పిన్నీసుతో లోపలికి దూర్చాను.

ఉతకడానికి కుంకుడు నురగ వాడండి. సబ్బులోని క్షారానికే పసుపుతో వేసిన రంగు ఎర్రబారుతుందట, ఒక అక్క చెప్పారు, నిజమే. ఎలాస్టిక్ సాగితే మార్చుకునేలా చివరి సందుని చేతికుట్టుతోనే మూస్తున్నాను.